పైడి కనబడని పూట, మామ్మ టీచర్

దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి రండి. మధ్యలో లేస్తే నాకు మాట తెగిపోతుంది.

గజపతినగరానికి అవతల, మా ఊరి అంగన్‌వాడీలో నేను ఆయాగా చేరిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. వరి నూర్పుల రోజులు, శనివారం. కేంద్రం స్లాబు కారుతోందని, బాగు చేయించేదాకా చర్చి హాలులో నడుపుకోమని సూపర్‌వైజరమ్మ చెప్పింది. అంగన్‌వాడీలో టీచరుది పెద్ద కొలువు. ఆటపాటలు, పిల్లల బరువు తూచడం, రాతకోతలు ఆవిడవి. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడం, వండిపెట్టడం, మళ్లీ ఎవరి పిల్లను వాళ్ల చేతికి అప్పగించడం ఆయా పని. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, నాకు అదే గొప్ప.

మా టీచరు రత్నమ్మ గారు. మనవలున్న మనిషి కాబట్టి పిల్లలూ, పిల్లల తల్లులూ కూడా మామ్మ టీచర్ అనేవారు. చర్చి తాళం ఆవిడ కొంగునే ఉండేది. ఊడవడం, చాపలు పరవడం, గంట కొట్టడం, ఎవరికైనా జ్వరమొస్తే గంజి పట్టుకెళ్లడం, అన్నీ జీతం లేకుండా చేసేది. ఆ గంజి చర్చికి వచ్చేవాళ్లకీ, గుడికి వెళ్లేవాళ్లకీ ఒక్కటే.

మర్నాడు కోత పండగ. పంటలో మొదటి వాటా చర్చికి తెచ్చి ఇస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా వైపు గుడికి వెళ్లే రైతులు కూడా మొక్కుకుని ఏదో ఒకటి ఇస్తుంటారు. అలాగే అప్పలస్వామి తమ ఇంటి కోడిపుంజును తెచ్చి హాలు గుమ్మానికి కట్టాడు. అతని మనవరాలు పైడికి మూడేళ్లు, మా కేంద్రం పిల్లే. నేను పప్పు ఎసరు చూస్తున్నాను, మామ్మ టీచర్ ఒక చంటిబిడ్డను తూస్తోంది. ఇంతలో పైడి వెళ్లి పుంజు కాలి తాడు విప్పేసింది.

"ఒసే గుంటా! పుంజునిప్పేసినావా? ఉండు, నీ తోలు ఒలిచేస్తాను!" అని అరిచి అప్పలస్వామి పుంజు వెనక పరుగెత్తాడు. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు. అతను పుంజును చంకన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి పిల్ల లేదు.

చర్చి వెనక గట్టు లేని నేలబావి ఉంది. అందరి చూపూ అటే పోయింది. కబురందిన పైడి తల్లి లక్ష్మి కళ్లంలోంచి పరుగెత్తుకొచ్చింది, జుట్టు నిండా గడ్డే.

"ఓలమ్మా, నా గుంటేదీ గౌరొదినా? పొద్దున్న నీ సేతికే కదా ఇచ్చినాను?"

ఆ గౌరిని నేనే. జనం వీధులంతటా "పైడీ, ఒసే పైడీ" అని కేకలు వేస్తున్నారు. అప్పలస్వామి ఒకపక్క ఏడుస్తూనే, "ఎక్కడున్నావే? ఇప్పుడు రాకపోతే సంపేస్తాను!" అంటున్నాడు. మా ఊళ్లో పిల్లల్ని వెతికే తీరు అదే, ప్రేమ ఎక్కువైతే తిట్టు పెరుగుతుంది. బిందెలు తీసే కొక్కేన్ని ఎవరో బావిలోకి దించుతున్నారు.

మామ్మ టీచర్ గుమ్మంలోకి వచ్చింది.

"ఒరే అప్పలసావీ, నోరు ముయ్యరా. సంపేస్తానంటే ఏ గుంట వస్తాదిరా?"

"నాకు బయమేస్తంది మామ్మా."

"బయమేస్తే కూకో. మీరూ కూకోండర్రా. బావి కాడున్నోళ్లు సూసుకుంటారు."

లక్ష్మి కూర్చోనంది. నేను పట్టుకుని నిలబడ్డాను. మామ్మ టీచర్ రోజూ పొద్దున్న కూర్చునే చోటే కూర్చుని చప్పట్లు మొదలుపెట్టింది. ఆవిడ అడుగుతుంది, పిల్లలు అందుకోవాలి, అదీ మా తొలి పాట. ఆ పూట మాత్రం మిగతా పిల్లలకు నోటి మీద వేలు పెట్టి చూపించింది.

"కాకమ్మ ఇల్లెక్కడ?"

ఎవరూ పలకలేదు. బావిలో కొక్కెం నీళ్లను తాకిన చప్పుడు వినబడింది. లక్ష్మి గోళ్లు నా చేతిలో దిగాయి.

"సేపమ్మ ఇల్లెక్కడ?"

లేదు.

"కోడిపుంజు ఇల్లెక్కడ?"

గంప కింద అనాలి. హాలు పక్కన చాపలు పెట్టే గదిలోంచి సన్నగా, ఉక్రోషంగా వచ్చింది గొంతు: "మా ఇంట్లోన!"

మూలన చుట్టి నిలబెట్టిన ఈతచాప లోపల నిలుచుంది పిల్ల. లక్ష్మి దాన్ని బయటికి లాగి చెయ్యెత్తింది, ఎత్తిన చెయ్యి కొట్టలేక అలాగే దాన్ని గుండెకు హత్తుకుంది. అప్పలస్వామి నేల మీద చతికిలబడి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"మొక్కినాను కదా మామ్మా, పుంజునేటి సెయ్యమంటావు?"

"గుమ్మడికాయియ్యి. దేవుడు నిన్ను కోడికూర అడిగినాడేటిరా?"

ఆ మధ్యాహ్నం పప్పు అడుగంటింది. పిల్లలూ, వెతకడానికి వచ్చిన పెద్దలూ కలిసి ఆ మాడు పప్పే తిన్నాం. ఒక్కరూ వంక పెట్టలేదు.

మామ్మ టీచర్ పోయిన ఏడు చనిపోయింది. నేను రిటైరయ్యేవరకు చుట్టుపక్కల కేంద్రాలకు కొత్తగా వచ్చిన ప్రతి ఆయాకూ ఈ సంగతి చెప్పాను. పిల్ల కనబడకపోతే బావి దగ్గరికి ఒకరిని పంపాలి. మిగతావాళ్లు బెదిరింపులు ఆపాలి. ఆ పిల్ల రోజూ దేనికి పలుకుతుందో దానితోనే పిలవాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ఇంతసేపు విన్నారు. మీరు కొలిచే దేవుడెవరైనా సరే, మీ ఇంట గింజకు కొదవ లేకుండా, పెద్దలకు నొప్పి లేకుండా, దీపాల వేళకి మీ వాళ్లందరూ గడప లోపల ఉండేలా చల్లగా చూచుగాక.