మా అత్త సముద్రానికి వెళ్ళిన రోజు

మా అత్త అరవై ఏళ్ళు దాటేదాకా సముద్రం చూడలేదు. నర్సీపట్నంలో పొద్దున్నే బస్సెక్కితే భోజనాల వేళకి ముందే విశాఖపట్నంలో దిగొచ్చు. అయినా చూడలేదు. ఆవిడ పుట్టింది కొయ్యూరు దాటి లోపలికి వెళ్తే వచ్చే కొండ ఊళ్ళో. పెళ్ళయ్యాక నర్సీపట్నం వచ్చింది. ఆ తర్వాత ఆవిడ ప్రయాణాలన్నీ పుట్టింటికీ, రోలుగుంటలో ఆడబిడ్డ ఇంటికీ, లేదంటే ఆసుపత్రికీ. ఛార్జీ పెట్టుకుని నీళ్ళు చూడ్డానికి వెళ్ళడమేమిటని ఆవిడ ఉద్దేశం.

మా ఇంట్లో ఖర్చు విషయంలో ఆఖరి మాట అత్తదే. మా ఆయన ఇళ్ళకి రంగులేస్తాడు. ఎండాకాలంలోనూ పండగల ముందూ పని బాగానే ఉంటుంది. వానలు పట్టాయంటే బ్రష్షులు కడిగి గోడకి తగిలించాల్సిందే. నేను ఇంట్లోనే కుట్టుమిషను మీద చీరలకి ఫాల్స్ వేస్తాను, జాకెట్లకి హుక్కులు కుడతాను. అత్త షావుకారి దగ్గర నుంచి చింతపండు తెచ్చుకుని, అరుగు మీద కూర్చుని పిక్కలు తీసి, తిరిగి అప్పజెప్పి వస్తుంది. ముగ్గురం కష్టపడినా అద్దె, కరెంటు బిల్లు పోగా చేతిలో మిగిలేది చాలా కొంచెం. ఆ కొంచెంతో నెల నెట్టుకొచ్చే విద్య అత్తకి తెలుసు.

కూరగాయలకి ఆవిడ ఎప్పుడూ బజారు కట్టేసే వేళకే వెళ్ళేది. బండ్లవాళ్ళు గోనెలు దులుపుకుంటూ ఉండగా వెళ్ళి, మెత్తబడిన టమాటాలన్నీ కలిపి ఎత్తుకొచ్చేది. ఆ సాయంత్రం మా గదిలోంచి పోపు వాసన వస్తుంటే పక్క వాటాల వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. వాన పడ్డాక ఖాళీ స్థలాల్లో మొలిచే ఆకుల్లో ఏది కూరకి పనికొస్తుందో, ఏది పనికిరాదో ఆవిడకి బాగా తెలుసు. ఒకసారి వారమంతా ఆకుకూరలే తిన్నాం. ఏడో రోజు మా ఆయన కంచం ముందు కూర్చుని మేకలాగా అరిచాడు. అత్త నవ్వి నవ్వి, చేతిలో గరిటె కింద పడేసింది.

మా పక్క వాటాలో ఒకావిడ ఉంటుంది. ఆవిడ ఒక బళ్ళో ఆయా. భర్త పోయాడు, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తుంది. నేను వదినా అంటాను, ఆవిడ అత్తని పిన్నీ అంటుంది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేశారన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది ఆవిడే.

"పిన్నీ, ఆధార్ కార్డు సూపిస్తే సాలంట. టికెట్టుకి డబ్బులొద్దంట. వైజాగు దాకా ఎల్లొచ్చు."

అత్త చింతపండులోంచి తలెత్తలేదు. "ఎవలు సెప్పినారే నీకు?"

"మా బళ్ళో టీచర్లందరూ అలాగే వస్తన్నారు."

"టీచర్లకి ఫ్రీ ఏమో. మనకేటి?"

ఎంత చెప్పినా అత్త నమ్మలేదు. బస్సు కోసం డబ్బుల్లేక పెళ్ళయిన కొత్తలో చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని పుట్టింటి నుంచి నడిచొచ్చిన మనిషి. బస్సు దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయిన సంగతి ఇప్పటికీ చెప్తుంది. ఆ బస్సు ఉట్టినే ఎక్కించుకుంటుందంటే ఆవిడకి వేళాకోళంలా ఉంది.

దసరా వెళ్ళాక అత్త తమ్ముడు ఏదో పని మీద నర్సీపట్నం వచ్చాడు. వస్తూ పెద్ద బుట్టెడు సీతాఫలాలు తెచ్చాడు. కొండ మీద కాసినవి, ఒక్కొక్కటీ నా దోసిలి నిండేంత. అప్పటికి గట్టిగా ఉన్నాయి. బియ్యం డబ్బాలోనూ, గోనె కిందా దాచాం. శనివారం సాయంత్రానికి అన్నీ ఒక్కసారే మెత్తబడిపోయాయి. గదంతా తియ్యటి వాసన. చుట్టుపక్కల అందరికీ పంచినా ఇంకా సగం బుట్ట ఉంది.

మర్నాడు ఆదివారం. పక్కింటి వదిన పొద్దున్నే ప్రార్థన ముగించుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "పిన్నీ, ఈ పళ్ళు రేపటికుండవు. పులిహోర కలుపుకుని, ఈ బుట్ట అట్టుకుని సముద్రం కాడికి పోదాం. అక్కడ కూకుని తిందాం."

వానలతో మా ఆయనకి పని లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు వెంటనే అందుకున్నాడు. "ఎల్లండమ్మా. నాకైతే టికెట్టు కొట్టాలి, మీకు ఆ బాధ లేదు. ఆడపిల్లగా పుట్టనందుకు ఇన్నాళ్ళకి ఏడుపొస్తంది నాకు."

అత్త కాసేపు బుట్ట వంక చూసింది. పళ్ళు పాడైపోతాయన్న దిగులే ఆవిణ్ణి కదిలించిందని నాకనిపించింది. "సరే, బియ్యం కడుగు," అంది నాతో. "బేగి."

బస్సులో ముందు సీట్లలో కూర్చున్నాం. ఆధార్ కార్డు మీద అత్త ఫోటో భయంకరంగా ఉంటుంది. జుట్టు రేగిపోయి, కళ్ళు పెద్దవి చేసి, ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తూ ఉంటుంది. కండక్టరు దగ్గరికి రాగానే ఆవిడ కార్డు చాచి, ఫోటోలో ఉన్నట్టే ముఖం పెట్టింది. ఆయన కార్డు చూసి, ముఖం చూసి, పెదాలు బిగబట్టుకుని నవ్వాపుకున్నాడు.

"సరిపోయిందమ్మా. ఇదిగో టికెట్టు."

అత్త రెండో చేత్తో మడతపెట్టిన నోటు ఒకటి ఆయన చేతిలో కుక్కబోయింది.

"డబ్బులొద్దమ్మా, ఫ్రీ."

"తీసుకో బాబూ. ఇప్పుడొద్దంటావు, తాళ్ళపాలెం కాడ దిగిపొమ్మంటావు. అక్కడినుంచి నాను నడవలేను."

బస్సంతా గొల్లుమంది. కండక్టరు ఆ నోటుని ఆవిడ గుప్పిట్లోనే పెట్టి గుప్పిట మూశాడు. "దిగిపొమ్మనను మామ్మగారూ. నువ్వు దిగుతానన్నా దింపను."

అనకాపల్లి వచ్చేదాకా ఆవిడకి నమ్మకం కలగలేదు. బస్సు ఎక్కడ ఆగినా కండక్టరు వంకే చూసేది. అనకాపల్లిలో ఆయన తనంతట తానే వెనక్కి తిరిగి, "కూకో మామ్మా, ఇంకా ఉంది," అన్నాడు. అప్పుడు సీట్లోకి వెనక్కి జారి, కాళ్ళు పైకి మడుచుకుని, కిటికీలోంచి గాలి ముఖాన కొట్టేట్టు కూర్చుంది. ఆవిడ అంత తీరుబడిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

విశాఖపట్నంలో దిగి, పక్కింటి వదిన వెనకాలే సిటీ బస్సు పట్టుకుని బీచికి వెళ్ళాం. బుట్ట నా నెత్తి మీద, పులిహోర కేరేజీ వదిన చేతిలో. రోడ్డు దాటగానే ఎదురుగా సముద్రం. అత్త నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. వానలు తెరిపిచ్చి ఎండ కాస్తోంది, నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదంతా ఎవలిదే?" అంది చివరికి.

"దేవుడిది పిన్నీ," అంది వదిన.

"లోపలికెల్లడానికి టికెట్టు లేదా?"

"లేదు."

"అయితే ఎల్దాం," అని చెప్పులు విడిచి చేత పట్టుకుంది.

మొదటి అల పాదాలకి తగలగానే నా చెయ్యి నలిగిపోయేట్టు పట్టుకుంది. అల వెనక్కి వెళ్తుంటే కాళ్ళ కింద ఇసక జారుతుంది కదా. "ఓలమ్మ! నేల లాగేస్తందే! అట్టుకోండే నన్ను!" అని కేకలు. రెండో అలకి కేకలోంచి నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఆవిడ మమ్మల్ని పట్టుకోవడం మానేసింది. చీర మోకాళ్ళ దాకా ఎత్తి, ఒక్కతే నిలబడి, వచ్చే ప్రతి అలకీ "రా, రా" అని చెయ్యూపుతూ పిలిచింది. పక్కనున్న పిల్లలు ఆవిణ్ణి చూసి వాళ్ళూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆకలేశాక ఒడ్డున నా చున్నీ పరిచి కూర్చుని పులిహోర తిన్నాం. ఆ తర్వాత సీతాఫలాలు విప్పాం. చేత్తో నొక్కితే చాలు, రెండుగా విడిపోతున్నాయి. భర్తతో అటుగా వెళ్తున్న ఒకావిడ ఆగి అడిగింది.

"ఏజెన్సీ సీతాఫలాలా? ఎలా ఇస్తున్నారు?"

నాకు సిగ్గేసి తల దించుకున్నాను. మేం అమ్మేవాళ్ళలా కనబడుతున్నామని. అత్తకి అలాంటిదేమీ లేదు. ఒక పండు ఆవిడ చేతిలో పెట్టి, "తినమ్మా. మా తమ్ముడి సెట్టుయి," అంది. ఆవిడ అక్కడే నిలబడి తిని, ఇంకా కావాలంది, ఉట్టినే తీసుకోనంది. ఎంతివ్వాలో తనే చెప్పి, డబ్బు అత్త ఒళ్ళో పెట్టి, నాలుగైదు పళ్ళు సంచీలో వేసుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. మా చున్నీ చుట్టూ చిన్న గుంపు చేరింది. పక్కింటి వదిన చర్చిలో చందా పట్టినంత భక్తిగా డబ్బు తీసుకుంటోంది. కాసేపటికి నేను కూడా సిగ్గు మర్చిపోయి నలగనివి చూసి ఏరి ఇవ్వడం మొదలుపెట్టాను.

ఒకాయన మాత్రం పండు అటూ ఇటూ తిప్పి, నలిగిపోయిందనీ, సగం ధరకిమ్మనీ పట్టుబట్టాడు. అత్త ఆ పండు ఆయన చేతిలోంచి నెమ్మదిగా తీసుకుంది.

"బేరం ఆడితే నానివ్వను బాబూ. నాను అమ్మడానికి రానేదు. సముద్రం సూడ్డానికొచ్చాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పండు అత్త తనే తిని, గింజలు ఒక్కొక్కటే కాగితంలో ఊసి మడతపెట్టింది.

బుట్ట ఖాళీ అయింది. నోట్లు, చిల్లర అన్నీ ఒళ్ళో వేసుకుని అత్త కూర్చుంది. నేను మనసులో అప్పుడే ఆ డబ్బుకి పనులు పురమాయిస్తున్నాను. గ్యాసు అయిపోవచ్చింది, మిషనుకి బెల్టు మార్చాలి. అలాంటి లెక్కలు నాకు నేర్పింది ఆవిడే కదా. కానీ ఆవిడ చూపు డబ్బు మీద లేదు. ఇసకలో ఒకతను గుర్రాన్ని పట్టుకుని నడుస్తున్నాడు. దాని మెడలో పూసలు, నుదుటి మీద ఎర్ర కుచ్చు.

"మా సిన్నప్పుడు సంతకి గుర్రాల మీద పసుపు బస్తాలు తెచ్చీవోరు," అంది. "మా ఊరు మీంచే ఎల్లీయి. ఎక్కుతానని ఒకటే ఏడుపు నాను. బస్తాలికే చోటు నేదు, నిన్నెక్కడ ఎక్కిస్తారే అని మా అయ్య లాక్కెల్లిపోయీవోడు."

ఆ మాట అనేసి లేచింది. డబ్బు కొంగులో ముడేసుకుని గుర్రం అతని దగ్గరికి నడిచింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని వెనకే పరిగెత్తాం.

"నన్నెక్కిస్తావా బాబూ?"

అతను కంగారు పడ్డాడు. "పడిపోతారేమో మామ్మగారూ!"

"కొండలెక్కి దిగినదాన్ని. గుర్రం ఎక్కలేనేటి?"

"అత్తా, ఇంట్లో గ్యాసు..." అన్నాను నేను.

"సముద్రం కాడ వచ్చిన డబ్బు సముద్రం కాడే ఖర్సయిపోవాల," అంది ఆవిడ. నా వంక తిరగను కూడా తిరగలేదు.

చీర కుచ్చెళ్ళు వెనక్కి లాగి గోచీ పోసుకుంది. అతను ఒక పక్క, మేమిద్దరం ఇంకో పక్క పట్టుకుని ఎక్కించాం. ఎక్కాక అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులతో జీను పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. గుర్రం కదిలింది. జుట్టు ముడి ఊడి గాలికి ఎగురుతోంది. కొంతదూరం వెళ్ళాక ఆవిడ గొంతు వినిపించింది. "బేగి నడిపించు బాబూ! నీ గుర్రానికి ఆకలేస్తందా ఏటి?"

నా ఫోనుకి అద్దం పగిలింది కానీ ఫోటోలు బాగానే వస్తాయి. దాంతోనే ఒకటి తీశాను. ఇన్నేళ్ళు ఒక గదిలో ఉన్నాం. ఆవిడ దేనికీ డబ్బు తియ్యకపోతే ఆవిడకి ఏ ముచ్చటా లేదనుకున్నాను. ఇంత పెద్ద ముచ్చట ఇన్నాళ్ళు కడుపులో పెట్టుకుని, చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుందన్నమాట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పక్కింటి వదిన "ప్రభువా, ప్రభువా, పిన్నిని పడెయ్యకు" అని గుర్రం వెంట పరిగెడుతోంది.

దిగాక అత్త మా ఇద్దరినీ కూడా ఎక్కమంది. వదిన ససేమిరా అంది. నేను ఎక్కాను. ఆ తర్వాత ముగ్గురం ముంత మసాలా తిన్నాం, ఐస్‌క్రీములు తిన్నాం. చల్లదనానికి అత్త దవడ పట్టుకుని "పళ్ళు జివ్వుమంటన్నాయే" అంటూనే కప్పు అడుగు దాకా గీకింది. మా ఆయనకి ఎండలో పనికి పనికొస్తుందని ఒక టోపీ కొంది. కొంగు ముడి విప్పి చూస్తే ఏమీ మిగల్లేదు. ఆవిడ తృప్తిగా కొంగు దులిపి భుజాన వేసుకుంది.

మేం ఇల్లు చేరేసరికి మా ఆయన అన్నం వండి, చారు పెట్టి ఉంచాడు. ఫోనులో ఫోటో చూపిస్తే ముందు ఎవరో అనుకున్నాడు. తర్వాత ఫోను దగ్గరికి తెచ్చుకుని, "మా అమ్మే!" అని అరిచాడు. టోపీ పెట్టుకునే భోజనానికి కూర్చున్నాడు. అత్త నాకు వంట బాగా కుదిరిందని ఎన్నడూ అనదు గానీ, ఆ పూట కొడుకు పెట్టిన ఉప్పు లేని చారు మాత్రం రెండుసార్లు వడ్డించుకుని తాగింది.

మర్నాడు షావుకారి దగ్గర నుంచి మళ్ళీ చింతపండు వచ్చింది. అరుగు మీద అత్త పని మొదలుపెట్టిందో లేదో, వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగాలి, అల వస్తే ఎలా నిలబడాలి, అన్నీ ఆవిడే చెప్తోంది. "మడమలు గట్టిగా తొక్కి నిలబడాలే, భయపడితే పడేస్తాది," అని లేచి నిలబడి చూపించింది. వచ్చే ఆదివారానికి ఇంకో ఆరుగురు తయారయ్యారు. ఎవరి ఆధార్ కార్డు ఎక్కడుందో వెతుక్కోడానికి ఇళ్ళలోకి పరిగెత్తారు. నేను లోపల మిషను దగ్గర కూర్చుని ఆ మాటలు వింటూ నవ్వుతుంటే, కుడుతున్న ఫాల్ వంకరగా పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను.