ఎడమకు తిరిగితే టంగుమనేది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు కారు నడపడం వచ్చుగాని, కారు గురించి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అంతకన్నా తెలియదు. నిజాంపేట గది నుంచి హైటెక్ సిటీ ఆఫీసుకు తిరగడానికి ఒక పాత కారు కొన్నాను. బ్రేకులు సరిగ్గా పడటం లేదని కూకట్‌పల్లిలో ఒక మెకానిక్‌కు (అందరూ జాకీ అన్న అనేవారు) అప్పజెబితే బ్రహ్మాండంగా బాగుచేశాడు. దాంతోపాటు ఒక చప్పుడు కూడా ఇచ్చాడు. బండి ఎడమకు తిరిగినప్పుడల్లా కింద ఎక్కడో టంగుమనేది. కుడికి తిరిగితే ఏమీ లేదు. మళ్ళీ తీసుకెళ్తే, పక్కన కూర్చుని వీధి చివరిదాకా వచ్చాడు (ఆ వీధిలో ఎడమ మలుపు లేదు). "సప్పుడు ఏడుంది సార్? బండి మస్తుగుంది. ఊకె పరేషాన్ గాకుండ్రి, పాటలు పెట్టుకోండ్రి," అన్నాడు.

చక్రం ఊడిపోతుందేమోనన్న భయంతో నేను ఎడమకు తిరగడమే మానేశాను. ఎడమకు వెళ్ళాల్సి వస్తే నేరుగా ముందుకు పోయి, యూటర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి కుడికి తిరిగేవాణ్ణి. ఈ ఊళ్ళో యూటర్న్‌లకు కొదవ లేదు కనుక, ఆలస్యంగానైనా ఆఫీసుకు చేరేవాణ్ణి.

అలాంటి సమయంలో ఇప్పటి మా ఆవిడ, అప్పట్లో ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి, "మా నాయన రేపు తాండూరు నుంచి వస్తుండు. లింగంపల్లి స్టేషన్ల ఎక్కించుకొని నల్లగండ్లల మా మేనత్త ఇంటికాడ దింపు. నిన్ను జూసినంకనే పెండ్లి సంగతి జెప్తడంట," అంది. నేను భీమవరం వైపు వాణ్ణి. ఆయనకు అప్పటికే అది కొంచెం మింగుడుపడలేదని విన్నాను.

స్టేషన్ నుంచి నల్లగండ్ల కూతవేటు దూరం. మర్నాడు ఆయన్ని ఎక్కించుకుని నేను కుడి మలుపులతోనే బయల్దేరాను. కాసేపటికి ఆయన, "గీ హోటల్ ఇందాక గూడ జూసినం గదా బాబు," అన్నారు. "ట్రాఫిక్ అండి," అన్నాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఇంతలో ఒక స్కూటర్ అడ్డం వచ్చింది. జాకీ అన్న బ్రేకు చక్కగా పనిచేసింది. ఆ కుదుపుకు ఆయన సీటు కింద నుంచి ఒక స్టీలు టిఫిన్ డబ్బా జారి పాదాల దగ్గరికి వచ్చింది. ఆయన అది తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, మూత మీద చెక్కిన పేరు చదివారు.

"సువర్ణ ఎవరు బాబు?"

"తెలియదండి."

"డబ్బా నీ బండ్లనే ఉండె. నీకే తెల్వదా?"

అప్పుడు వెలిగింది, ఆ చప్పుడు ఈ డబ్బాదేనని, డబ్బా జాకీ అన్న మరిచిపోయినదై ఉంటుందని. ఆ టంగు సంగతి, ఎడమ మలుపుల సంగతి మొత్తం చెప్పేశాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన డబ్బాను కండువా కింద పెట్టుకుని, "అయితే గా మెకానిక్ కాడికే పోదాం పా," అన్నారు.

కూకట్‌పల్లిలో జాకీ అన్న ఏదో కారు కింద నుంచి బయటికి వచ్చాడు. పెద్దాయన నమస్కారమైనా పెట్టకుండా, "మీ ఇంటామె పేరేంది?" అని అడిగారు.

"సువర్ణ. మీకెందుకు సార్?" అన్నాడు అతను, చేతిలో పానా కిందపెట్టకుండా.

కండువా కింద నుంచి డబ్బా బయటికొచ్చింది. జాకీ అన్న దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. "దీని కోసం ఇంట్ల ఒకటే లొల్లి సార్. ఎవలింట్ల తిని మరిసినవని నన్ను సంపుకతింటుంది. జర మీరొక మాట ఫోన్ల జెప్పుండ్రి."

మా కాబోయే మామగారు ఫోన్ అందుకుని, ఆ పరాయి ఇల్లాలికి చాలా ఓపికగా జరిగింది వివరించారు. తిరుగు ప్రయాణంలో ప్రతి ఎడమ మలుపు దగ్గరా చెవి ఒగ్గి విన్నారు; టంగు లేదు. నల్లగండ్లలో గుమ్మం దగ్గరే ఎదురుచూస్తున్న కూతురితో, నాకు వినపడేలాగే అన్నారు: "పిల్లగాడు అబద్ధమాడలే. జర పిరికోడు, గంతే."

అందులో మొదటి మాట మా పెళ్ళి చేసింది. రెండోది మా ఆవిడ ఇప్పటికీ వాడుతూనే ఉంది. అప్పుడప్పుడు లింగంపల్లి మీదుగా వెళ్తుంటే, ఒక పెద్దమనిషిని ఊరంతా తిప్పుతూ చెమటలు కక్కుతున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఒక్కసారి వంగి సీటు కింద చూసుకోరాదూ అని చెప్పాలనిపిస్తుంది. చూసుకోకపోవడమే మంచిదయిందిలే అని కూడా అనిపిస్తుంది.