కొప్పులో నిలిచే పెన్ను

మా పెద్దమ్మకు ఒక్క పెన్ను అమ్మేసరికి నా తలప్రాణం తోకకు వచ్చేది. అలాగని నేను ఈ పనికి కొత్త కాదు. కాగితాలు, పెన్నులు అమ్మే దుకాణం నాది. మనిషి చెయ్యి చూసి ఏ పెన్ను నప్పుతుందో చెప్పేస్తానని నలుగురిలో గొప్పలు పోతుంటాను. ఆ గొప్పలన్నీ పెద్దమ్మ నా దుకాణం మెట్లెక్కేదాకానే.

ఆవిడ మా అమ్మకు అక్క. బస్సు డిపోలో ఉద్యోగం. పొద్దున్నంతా యార్డులో ఉంటుంది. బయలుదేరబోయే ప్రతి బస్సు చుట్టూ తిరిగి, టైర్లను కాలితో తన్ని చూసి, లైట్లు వేయించి, వైపర్లు ఆడించి, అన్నీ సరిగ్గా ఉంటేనే చీటీ మీద సంతకం పెడుతుంది. లేకపోతే డ్రైవరు కాళ్ళావేళ్ళా పడినా బస్సు కదలదు. మధ్యాహ్నం నుంచి ఆఫీసులో కూర్చుని, మర్నాడు ఎవరు ఏ బస్సు నడపాలో రాస్తుంది. అంటే ఆ పెన్ను ఎండలో, వానలో, గ్రీజు చేతుల్లో పనిచేయాలి. ఆ తర్వాత ఫ్యాను కింద ఎంతసేపు రాసినా వేళ్ళు నొప్పి పెట్టకూడదు. బయటికొకటి, ఆఫీసుకొకటి పెట్టుకోవచ్చు కదా అంటే ఒంటికాలి మీద లేచేది.

"రెండు పెన్నులు పెట్టుకోడానికి నాకేమైనా రెండు కొప్పులున్నాయటే?"

అసలు పేచీ అంతా అక్కడే. పెద్దమ్మ పెన్ను ఉండే చోటు కొప్పు. చూడకుండానే చెయ్యి వెనక్కి పోవాలి, పెన్ను లాగాలి, చీటీని బస్సుకి ఆనించి రాయాలి, మళ్ళీ చూడకుండానే గుచ్చేయాలి. డిపోలో తొడుక్కునే ఖాకీ కోటుకు జేబు లేదా అంటే ఉంది. కానీ జేబులో పెన్ను కనిపిస్తే డిపోలో ప్రతివాడూ "ఒక్క నిమిషం ఇవ్వండి మేడమ్" అని పట్టుకుపోతాడు. కొప్పులో పెన్ను ఇమ్మని అడిగే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఎవరికీ పుట్టలేదు.

ఆవిడ పెన్ను పరీక్షించే పద్ధతి చూస్తే వేరే కొనుగోలుదార్లు ముక్కున వేలేసుకునేవారు. పెన్ను బాగుందో లేదో చూడ్డానికి అందరూ తమ పేరో సంతకమో గీస్తారు. పెద్దమ్మ కాగితాన్ని నా అలమారాకు అదిమిపెట్టి "బ్రేకు, లైటు, వైపరు, హారను" అని రాసేది. తర్వాత పెన్నును నేలకేసి కొట్టేది. తీసి మళ్ళీ రాసేది. అది గనక రాస్తే, కొప్పులో గుచ్చుకుని గుర్రంలా తల విదిలించేది. చాలా పెన్నులు అక్కడే ఫెయిలయ్యేవి.

నేనిచ్చిన పెన్నుల గతి చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాళీ పెన్ను ఇస్తే సిరా కారి వీపంతా నీలమైంది. జెల్ పెన్ను ఆఫీసులో వెన్నలా నడిచిందట, కానీ మొదటి చినుకుకే రాసిందంతా కొట్టుకుపోయింది. నున్నటి లోహపు పెన్ను, నా దుకాణంలో అందరికంటే అందగాడు, కొప్పులోంచి జారి బస్సు చక్రం కింద పడింది. డ్రైవర్లంతా దాని చుట్టూ టోపీలు తీసి నిలబడ్డారట. ఎట్టకేలకు గట్టి ప్లాస్టిక్ బటన్ పెన్ను ఒకటి కుదిరింది. బటన్ నొక్కడం మరిచిపోయి గుచ్చేసుకునేది కాబట్టి సాయంత్రానికి మెడ వెనక నీలం గీతలు పడేవి. గీతలు ఎక్కువుంటే ఆ రోజు యార్డులో పని ఎక్కువని మాకు అర్థం. ఆ రోజుల్లో ఆవిడంత హుషారైన మనిషి మా ఇంట్లో ఇంకొకరు లేరు.

తర్వాత జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, మనిషిని పిండేసి వెళ్ళింది. ఒళ్ళు కోలుకుంది గానీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది. దువ్వెన చూస్తే ఏడుపొస్తోందని, ఒక రోజు మిగిలిందంతా తనే కత్తిరించుకుని తలకు రుమాలు కట్టుకుంది. డిపో మేనేజరు మంచివాడు. పూర్తిగా ఓపిక వచ్చేదాకా ఆఫీసు పని చాలన్నాడు. యార్డులోకి వేరే ఆయన్ని తెచ్చాడు.

ఓపిక వచ్చింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. యార్డుకు మాత్రం వెళ్ళలేదు. దానికి బదులు రోజూ నా దుకాణానికి వచ్చి, ఈ పెన్ను బరువనీ, ఆ పెన్ను గీరుకుంటోందనీ వంకలు పెట్టేది. నేనూ తెలివితక్కువదాన్ని, మెత్తటి పట్టున్నవీ, సన్నగా రాసేవీ ఒకటి తర్వాత ఒకటి ఇస్తూ పోయాను. ఒక రోజు విసుగొచ్చి గట్టిగానే అడిగాను.

"నీ బాధ పెన్నుతో కాదు పెద్దమ్మా. యార్డుకు ఎందుకు పోవట్లేదు?"

చేతిలో పెన్ను కౌంటరు మీద పడేసింది. "పోతే చెయ్యి అలవాటు కొద్దీ వెనక్కి పోతుందే. అక్కడేమీ ఉండదు. అందరి ముందూ బోడి మెడ తడుముకుంటూ నిలబడమంటావా?"

బస్సులంటే భయం లేని, మేనేజరంటే భయం లేని మా పెద్దమ్మ తన చేతికి భయపడుతోందని అప్పుడు తెలిసింది. మెడలో వేలాడేసుకునే పెన్ను తెచ్చి ఇచ్చాను. "ఆవు మెడలో గంటలా ఉంది" అని తీసేసింది. చెవి మీద పెట్టుకోమంటే కళ్ళజోడు ఒప్పుకోలేదు.

ఈలోగా యార్డు నుంచి రాయబారం వచ్చింది. డిపోలో అందరూ గుండు మావయ్య అని పిలిచే పెద్ద డ్రైవరు కాగితాలు కొనే మిషతో నా దుకాణంలోకి వచ్చాడు.

"మీ పెద్దమ్మను పంపించమ్మా. ఆ కొత్తాయన మరీ మెతక. లైటు వెలగట్లేదంటే పర్లేదులే పొమ్మంటాడు. నాకే బస్సెక్కాలంటే దడగా ఉంది."

"జుట్టు లేదని మొహమాటపడుతోంది మావయ్యా."

ఆయన తన నున్నటి తల నిమురుకున్నాడు. "మరి నేను ఇన్నేళ్ళుగా ఏ మొహం పెట్టుకుని తిరుగుతున్నాననుకుంది?"

ఈ మాట చేరవేస్తే పెద్దమ్మ నవ్వింది. కానీ వెళ్ళలేదు. వానలు మొదలయ్యేలోపు ఏదో ఒకటి చెప్పమని, లేకపోతే కొత్తాయన్నే యార్డులో ఖాయం చేస్తానని మేనేజరు గడువు పెట్టాడు.

ఆకాశం ముసురు పట్టిన రోజు పొద్దున్నే, డిపోకు వెళ్తూ నా దుకాణం మెట్లెక్కింది. రుమాలు మానేసి కొన్ని నెలలయింది. కొత్తగా వచ్చిన జుట్టు మెడకు గుచ్చుకుంటోందని రబ్బరు బ్యాండుతో ఎత్తి కట్టి, ఉల్లిపాయంత ముడి వేసుకుంటోంది. దాన్ని కొప్పని నేనన్నా తను ఒప్పుకునేది కాదు.

"ఆఫీసుకు పనికొచ్చే పెన్ను చాలు, ఏదో ఒకటి ఇవ్వు. ఇవాళ మేనేజరుకు చెప్పేస్తాను. యార్డు ఆ కొత్తాయనకే ఉండనీ."

పెన్నుల డబ్బా తీయడానికి కూడా చేతులు రాలేదు. తను అంతలో, కౌంటరు మీద సంతకాల కోసం పురికొసతో కట్టి ఉంచిన పెన్ను తీసుకుని ఊరికే గీతలు గీస్తోంది. పెన్సిల్లా ఆరు పలకలది, మూత పోయినది, ఎవరో కొరికినది, రోజుకు ఎన్నిసార్లు కింద పడుతుందో లెక్కే లేదు. జేబులో వేసుకుపోతారని కట్టేశానే తప్ప, దాన్ని నేనెప్పుడూ పెన్ను కింద జమకట్టలేదు.

అప్పుడే ఎదురుగా స్టాపులో బస్సు ఆగింది. స్టీరింగు దగ్గర గుండు మావయ్య. బస్సుకు ఒక లైటే వెలుగుతోంది.

"అదేంటే! ఈ చీకట్లో ఒంటికన్నుతో ఎవరు వదిలారు దాన్ని?" పెద్దమ్మ మొహం జేవురించింది. కౌంటరు మీది కాగితం లాక్కుని, అలమారాకు అదిమిపెట్టి బరబరా రెండు ముక్కలు రాసింది. చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. పెన్ను గుచ్చింది. కాగితం పట్టుకుని విసురుగా గుమ్మం వైపు నడిచింది.

పురికొస బిగిసింది. పెద్దమ్మ తల వెనక్కి వెళ్ళింది.

"ఎవరే నా జుట్టు పట్టుకు లాగేది!"

తను అన్న మాట తనే విని ఆగిపోయింది. మెల్లిగా చెయ్యి వెనక్కి పోనిచ్చింది. ఉల్లిపాయంత ముడిలో ఆరు పలకల పెన్ను కదలకుండా కూర్చుని ఉంది. ఒకసారి లాగి చూసింది. తల విదిలించి చూసింది. పురికొస ఊగింది గానీ పెన్ను జారలేదు.

ఇద్దరం ఒకేసారి నవ్వడం మొదలుపెట్టాం. నవ్వుతూనే తను కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను. బయట గుండు మావయ్య హారను మోగించాడు.

"ఏవయ్యా, కదిలావంటే ఊరుకోను!" అక్కణ్ణుంచే వీధిలోకి అరిచి, నా వైపు వీపు తిప్పింది. "నేను యార్డుకు పోవాలి. కత్తెర తేవే. కొస తెంపు. జుట్టు జాగ్రత్త."

తెంపాను. జానెడు కొస వెనకాల వేలాడుతుండగానే మెట్లు దిగి వెళ్ళింది. బస్సు ముందు నిలబడి గుండు మావయ్యను ఎడాపెడా తిట్టింది. ఆయన గుండు కిటికీలోంచి బయటపెట్టి, తిట్లన్నీ పూలవాన పడుతున్నట్టు చిరునవ్వుతో విన్నాడు.

సాయంత్రం పెద్దమ్మ ఇంటికొచ్చేసరికి వానలో పూర్తిగా తడిసిపోయి ఉంది. వంటింట్లో నిలబడి యార్డు కబుర్లు ఆపకుండా చెబుతూ, తల తుడవమని తువ్వాలు నా చేతికిచ్చింది. మెడ వెనక నీలం గీతలున్నాయి. వాటిని అలాగే వదిలేసి జుట్టు మాత్రం తుడిచాను.