గంజి చీరల పందిరి

“గంజి పెట్టిన చీరలతో ఎవరైనా తాడు పేనుతారా అత్తయ్యా?”

“పేనిన రోజు నీకూ బాగానే ఉందిగా. కర్రలా నిలబడిందని నువ్వే అన్నావు.”

“నిలబడింది గంజి, తాడు కాదు! రాత్రి కురిసిన వానకి ఎలా వేలాడుతోందో చూడండి. కింద ఫ్లాట్ ఆవిడ ఫోన్ చేశారు. వాళ్ళు ఆరేసుకున్న దుప్పటి మీద తెల్లగా చారలు పడ్డాయట.”

“గంజేగా, విషం కాదుగా. దుప్పటికి ఊరికే గంజి పెట్టి పెట్టానని చెప్పు.”

“నేను చెప్పను, మీరే చెప్పుకోండి. నైలాన్ వల తెస్తానని అప్పుడే అన్నాను. విన్నారా?”

“బీరువా కింద ఇన్ని పాత చీరలు పెట్టుకుని వల కొనుక్కుంటారా ఎవరైనా?”

“సరే అత్తయ్యా. బట్టలారేసే స్టాండ్ బిగించడానికి రేపు పొద్దున్న మనిషి వస్తున్నాడు. ఈ సాయంత్రానికి మీ పందిరి గట్టిగా నిలబడిందా, మంచిదే. లేదా, ఆ సొరపాదు తీసేసి బాల్కనీ నాకు వదిలెయ్యండి. వానాకాలం తడిబట్టలన్నీ హాల్లో కుర్చీల మీద ఆరేసి ఆరేసి నాకు విసుగొచ్చింది.”

ఆదివారం పొద్దున్న మా అత్తాకోడళ్ళ మధ్య నడిచిన గొడవ ఇది. మధ్యలో ఉన్న మా అబ్బాయి కాఫీ గ్లాసు పట్టుకుని మెల్లగా హాల్లోకి జారుకున్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ వాడు నేర్చుకున్న విద్య అదొక్కటే.

కోడలి మాటలో న్యాయం లేదని అనను. విజయవాడలో మాది మూడో అంతస్తు ఫ్లాటు. బాల్కనీలో ఇద్దరు ఎదురైతే ఒకరు ఒత్తిగిలి నిలబడాలి. అంత చోటులోనే నా తోట. పాత రంగు డబ్బాల్లో తోటకూర, పగిలిన బకెట్టులో పుదీనా, కొబ్బరి చిప్పలకి చిల్లులు పెట్టి కిటికీ ఊచలకి వేలాడదీసి వాటిలో మెంతికూర. మోటారు కాలిపోయిన ఎయిర్ కూలర్ తొట్టెలో సొరపాదు. గింజలు చల్లపల్లి నుంచి మా తమ్ముడు పొట్లం కట్టి ఇచ్చాడు. ఎరువు కొనను. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు, వాడేసిన టీ పొడి, అంతే.

పాదు బాగానే ఎగబాకింది కానీ పిందెలు మాత్రం నిలవలేదు. పడ్డ పిందె పడ్డట్టే పసుపుపచ్చగా మారి రాలిపోయేది. దిష్టి తగిలిందని నేను మిరపకాయలు, నిమ్మకాయ కట్టాను. ఏడో తరగతి చదివే మా మనవరాలు నవ్వింది. “దిష్టి కాదు నాయనమ్మా, మన అంతస్తు దాకా పురుగులు ఎగిరి రావట్లేదు” అంది. సొరపువ్వు సాయంకాలం పూస్తుంది కదా, చీకటి పడే వేళకి ఒక మగ పువ్వు తుంచి, ఆ పుప్పొడి తీసుకెళ్ళి పిందె ఉన్న పువ్వుకి అద్దింది. బొట్టు పెట్టినంత నెమ్మదిగా అద్దింది. ఆ ఒక్క పిందే నిలిచింది! పొద్దున లేచి మొహం కడుక్కోకుండానే ఇద్దరం వెళ్ళి చూసుకునేవాళ్ళం. ముందు వేలెడంత, తరువాత గుప్పెడంత అయింది. నిమ్మకాయ దండ నేనే విప్పేసి, ఆ కాయతో పులిహోర కలిపాను.

ఆ పిందె కోసమే ఈ పందిరి. నా మంగళగిరి చీరలకి చిక్కటి గంజి పెట్టడం నాకు అలవాటు. నేను నడిస్తే చీర చప్పుడు పక్కింటికి వినపడాలి. చిరిగినవి కూడా ఉతికి, గంజి పెట్టి, మడిచి దాచేదాన్ని. ఆ మడతలు అలాగే తీసి, చింపి, పురి పెట్టి తాళ్ళు పేనాను. గంజి బిగువు చూసి తాడు బిగువనుకున్నాను. వానజల్లు కొట్టగానే గంజి కరిగిపోయింది, పురి విడిపోయింది, పందిరి జోలెలా జారింది. పిందె వెళ్ళి రెయిలింగ్ ఇనుము మీద కూర్చుంది. గాలి వీస్తే చాలు, ఒరుసుకుపోయేలా ఉంది. పైగా గంజి రుచి మరిగిన చీమలు బారులు తీరాయి.

కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయాక నేను పాదు కింద స్టూలు వేసి, దాని మీద పాత దిండు పెట్టి, పిందెని దిండు మీద పడుకోబెట్టాను. మనవరాలు తలంటుకున్న జుట్టుతో దువ్వెన పట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది. మనసు పందిరి మీదే ఉంది, చేతులు జడ వేస్తున్నాయి.

“అబ్బా! కళ్ళు పైకి లాక్కుపోతున్నాయి నాయనమ్మా!”

“కదలకు. వదులుగా వేస్తే మధ్యాహ్నానికే ఊడుతుంది.”

“వానలో తడిసొచ్చినా నా జడ ఊడదు. మరి నీ తాడెందుకు ఊడిందో?”

నా చేతులు ఆగిపోయాయి. మూడు పాయలు నా వేళ్ళ మధ్యే ఉన్నాయి. పొలంలో మగవాళ్ళు మోకులకి పురి పెట్టడం చూసి పెరిగినదాన్ని, తాడంటే పురే అనుకున్నాను. నేను బడికెళ్ళింది నాలుగో తరగతి దాకానే. కానీ జడలు మాత్రం మా చెల్లెళ్ళ దగ్గర్నుంచీ దీని దాకా వేస్తూనే ఉన్నాను!

“లేవే, లే! నీ జడ సగంలో ఉంటే ఉంది. వేణ్ణీళ్ళు పెట్టు!”

ఇంక చూడండి మా హడావుడి. పందిరి విప్పి, తాళ్ళన్నీ వేడినీళ్ళలో నానబెట్టి, గంజి జిగురు పూర్తిగా పోయేదాకా జాడించాం. ఆ నీళ్ళు కూడా పారబొయ్యలేదు. చల్లార్చి తోటకూరకి పోశాను. నాలుగు వేళ్ళ వెడల్పున చింపిన పేలికలు, నీలం, మామిడి చిగురు రంగు, అంచుల జరీతో సహా. ఒక పేలిక అయిపోయిన చోట రెండు పేలికల కొసలకీ చిన్న గంటు పెట్టి, కొత్తదాని కొసని పాతదాని గంటులోంచి దూర్చి, కొత్తదాని రెండో కొసని దాని గంటులోంచే లాగితే ముడి లేకుండా అతుక్కుంటుంది. మూడేసి పేలికలు కలిపి జడలాగే, తడి మీదే అల్లాలి, ఆరుతున్నకొద్దీ అది ఇంకా బిగుస్తుంది. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, మనవరాలు ఒక వైపు, నేనొక వైపు. అది ఎంత త్వరగా నేర్చిందంటే, కాసేపటికి నాతో పందెం వేసింది.

“నాది పొడుగు నాయనమ్మా!”

“పొడుగుంటే చాలా? నొక్కి చూడు, మగ్గిన దోసకాయలా మెత్తగా ఉంది. విప్పి మళ్ళీ అల్లు.”

“రాక్షసివి!”

“అవును. అల్లు.”

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే ఇద్దరం పలకలేదు. కోడలే పళ్ళెంలో పప్పన్నం కలిపి తెచ్చి కూతురి నోట్లో పెట్టింది. నాకు పళ్ళెం పక్కన పెట్టింది. వెళ్తూ వెళ్తూ అల్లిన తాడు ఒకటి చేత్తో తడిమింది. 

ఎండ తగ్గేసరికి తాళ్ళు నిలువునా అడ్డంగా కట్టేశాం. పాదుని తీగ తీగగా ఎత్తి పందిరి మీద పరిచాం. మిగిలిన ముక్కతో చిన్న ఉట్టి అల్లి పిందెని అందులో కూర్చోబెట్టాం. జరీ అంచు మీద ఎండ పడి మెరుస్తుంటే, గొప్పలు చెప్పుకోవడం నా ఒంటికి పడదు గానీ, ఆ బాల్కనీ చూసి నాకు ఈల వెయ్యాలనిపించింది.

“రా అమ్మాయ్, చూసుకో” అని కోడల్ని పిలిచాను.

వచ్చింది. పిందె లేని వైపు ఒక తాడు రెండు చేతులా పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు కిందకి లాగింది. కాళ్ళు కూడా ఎత్తేసింది! మనవరాలు కెవ్వుమంది.  తాడు కిర్రుమంది కానీ జారలేదు. అప్పుడు కోడలు బకెట్టు నీళ్ళు తెచ్చి పందిరి మీద గుమ్మరించింది.

“వాన ఇలాగే పడుతుంది కదా అత్తయ్యా” అంది.

ముగ్గురం కింద పడుతున్న చుక్కలు చూస్తూ నిలబడ్డాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. పందిరి బొటనవేలంత కూడా దిగలేదు.  “రేపు మనిషి రానీండి” అని కోడలు లోపలికి వెళ్ళిపోయింది.  ఏం తేల్చావని అడిగి అలుసైపోవడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున్న స్టాండ్ బిగించే మనిషి డ్రిల్లు సంచితో వచ్చాడు. నేరుగా బాల్కనీలోకి నడిచి పైకి చూశాడు. “ఈ పాదు తీయించాలండీ” అన్నాడు. కోడలు “అక్కడ కాదండీ, ఇటు రండి” అని అతన్ని వంటింటి వెనక, గిన్నెలు తోముకునే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ పొట్టి స్టాండే పట్టింది. దుప్పట్లు దాని మీద పట్టవు కాబట్టి వాటికోసం పందిరి పక్కన జడ తాడు ఒకటి అల్లి కట్టమని నాకు చెప్పింది. మనవరాలు బడికి టైమైపోతోందని రిబ్బన్లు పట్టుకుని నా ముందు కూర్చుంది. నేను దానికి జడ వేశాను.