అత్తమ్మతో పిట్టలు చూసిన పొద్దు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జన్నారంలో మా కాపురం. మా ఆయన అడవి శాఖలో గుమాస్తా. ఆదివారం వస్తే చాలు, ఆఫీసరును అడిగి తెచ్చుకున్న దుర్భిణి మెడలో వేసుకుని పిట్టలను చూడటానికి అడవి బాట పట్టేవారు. ఒక ఎండాకాలం ఆదివారం నన్నూ రమ్మన్నారు. నాకప్పుడు నాలుగో నెల. ఇద్దరమే కలిసి నడుస్తామని లోలోపల ఎంతో సంబరపడ్డాను. గడప దాటుతుంటే మా అత్తమ్మ కొంగు బిగించి వాకిట్లోకి వచ్చింది.

"కడుపుతోటున్న పిల్లను ఒక్కదాన్ని అడివిల తిప్పుతవారా? నడువుండ్రి, నేను గూడ వస్త."

ముగ్గురం బయలుదేరాం.

అత్తమ్మ నోరు ఊరుకునేది కాదు. ఇప్పపూలు రాలిన చోటల్లా ఆగి ఏదో ఒక ముచ్చట ఎత్తుకునేది. ఆమె గొంతుకు పొదల్లోని కౌజుపిట్టలు బుర్రుమని లేచిపోయాయి.

"అవ్వా, జర మెల్లగ. పిట్టలు బెదురుతున్నయి" అన్నారాయన.

"నేనేం జేసిన్రా? గవే నన్ను జూసి సిగ్గుపడుతున్నయి."

నవ్వు ఆపుకోలేక నేను వెనకబడ్డాను.

వాగు దాటాక ఆయన చేయెత్తి ఆపారు. ఒక నల్లమద్ది చెట్టు తొర్రను మట్టితో మెత్తినట్టుంది, సన్నటి చీలిక మాత్రం మిగిలింది. పెద్ద వంకర ముక్కున్న బూడిదరంగు పిట్ట వచ్చి వాలి, గొంతులోంచి మేడిపండు తీసి ఆ చీలికకు అందించింది. లోపలి నుంచి ఇంకో ముక్కు అందుకుంది.

అత్తమ్మ దుర్భిణి లాక్కుని తిరగేసి పట్టుకుంది. "ఏమున్నదిరా, చీమంత కనవడుతుంది." ఆయన సరిచేసి ఇచ్చారు. ఆమె దాన్ని కళ్ళకు అదిమి పెట్టుకుని ఆ తొర్రకేసే చూసింది.

"లోపలున్నది ఆడది, గుడ్లు పొదుగుతుంది. అన్ని రోజులు మొగపిట్టనే తెచ్చి పెడుతది" అన్నారాయన గుసగుసగా.

"గట్లనా?" దుర్భిణి దించకుండానే అంది. "నువ్వు పుట్టినప్పుడు మీ బాపు నాకు చెంబెడు నీళ్ళు గూడ ముంచియ్యలే. పచ్చి బాలింతనుండంగనే లేసి వడ్లు దంచిన."

నవ్వుతూనే అంది. ఆయన కింద కూర్చుని, ఆమె చీర అంచుకు అంటిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీయసాగారు.

తిరుగు దారిలో అత్తమ్మ నా చేయి పట్టుకుంది. "పిల్లా, కాన్పుకు మీ అవ్వగారింటికి పోకు. ఈడనే ఉండు. వీనికి వంట నేను నేర్పుత."

తొలి కాన్పు కదా, నేను పుట్టింటికే వెళ్ళాను. బిడ్డనెత్తుకుని తిరిగి వచ్చిన రోజు పొయ్యి ముందు ఆయన కూర్చుని జొన్నరొట్టె కాలుస్తున్నారు. పక్కనే అత్తమ్మ పీటేసుకుని, "తిప్పురా, మాడుతుంది" అంటూ గదమాయిస్తోంది. అంచులు మాడిన ఆ రొట్టె నాకే పెట్టింది.