మధ్యాహ్నం రెండింటి మైదానం

ఆళ్ళగడ్డలో నేను చాలా ఏళ్ళు డ్రిల్లు సారుగా పనిచేశాను. నేను మైదానంలో అడుగుపెడితే పిల్లలు మాటలాపి వరుసలో నిలబడేవాళ్ళు. అది నాకు గొప్పగా ఉండేది.

మా ఊరికి మైదానమంటే మా బడిదే. రోడ్డు మీద నడుద్దామంటే లారీలు, కాలువ గట్టున నడుద్దామంటే ముళ్ళకంప. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో మార్చి నెలలో కూడా పొద్దున ఎనిమిదిన్నర దాకా పిల్లలు ఆడేవాళ్ళు. రానురాను ఏడున్నరకే నేల సెగలు చిమ్మడం మొదలుపెట్టింది. చల్లటి గంటలు తగ్గేకొద్దీ వాటి కోసం పోటీ పెరిగింది.

ఊళ్ళో పెద్దమనుషులు కొందరు నడక సంఘం పెట్టుకున్నారు. మిల్లు యజమానులు, రిటైరైన ఆఫీసర్లు, ఒకరిద్దరు డాక్టర్లు. మైదానం చుట్టూ కంకరపొడి పోయించి దారి వేయించారు. బండ్లు నిలుపుకోవడానికి మూడు వేపచెట్లు కొట్టించి, పక్కన సిమెంటు బల్లలు కట్టించారు. ఒకరోజు సంఘం పెద్ద నన్ను పిలిచాడు.

"పొద్దున్నే నీ పిల్లోళ్ళు దుమ్ము లేపుతాండారప్పా. మాకు దగ్గొస్తాంది. మేం పోయేదాకా వాళ్ళని రానీయాకు."

"తర్వాత ఎండ గదన్నా."

"పల్లె పిల్లోళ్ళు, చేన్లలో పని చేసేటోళ్ళు. వాళ్ళకేమైతాది?"

నేను తల ఊపాను. అంతకు కొన్నాళ్ళ ముందే ఆ సంఘం నాకు శాలువా కప్పింది. సాయంత్రమైతే క్రికెట్ ఆడే మొగపిల్లల గుంపు దిగేది. వాళ్ళతో గొడవంటే నాకు భయం. ఇక నా పిల్లలకు మిగిలింది ఒంటిపూట బడి అయిపోయాక, రెండింటి నుంచి నాలుగింటి దాకా.

వాళ్ళలో ఒక పిల్ల తొమ్మిదో తరగతి. ఊరికి దగ్గరి పల్లె నుంచి ఆటోలో వచ్చేది. ఇంట్లో తల్లి, తను, అంతే. తల్లి మిరపకాయలు కోయడానికి కూలికి పోయేది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ పిల్లకు సాటి వచ్చేవాళ్ళు మా బడిలోనే కాదు, చుట్టుపక్కలెక్కడా లేరు. చివరి రౌండులో ఎందుకో నవ్వుకుంటూ పరుగెత్తేది. పళ్ళికిలించొద్దని తిట్టేవాణ్ణి. నంద్యాలలో ఎంపిక పోటీలు పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి ఇంకా ఎక్కువ తిట్టాను. ఆమె గెలిస్తే పేపర్లో నా ఫోటో కూడా పడుతుందని నా ఆశ.

పోటీలు నాలుగు రోజులున్నాయనగా జరిగింది. పరుగుకు ముందు తింటే కడుపు బరువవుతుందని ఆ పూట బడిలో అన్నం తిననివ్వలేదు. నీళ్ళూ అంతే, నా గురువు నాకు నేర్పిన పద్ధతి అది. నేను వరండా నీడలో కుర్చీ వేసుకుని, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. మూడు రౌండ్లయ్యాక ఆ పిల్ల నా ముందు ఆగింది.

"సార్, రెండు గుక్కలు తాగొస్తా సార్. నాలిక పిడచగట్టుకపోతాంది."

"ఇంకా రెండు రౌండ్లు. అప్పుడు తాగుదువు."

"కండ్లు తిరుగుతాండాయి సార్."

"నంద్యాలలో ఎండ ఉండదా? పో."

పోయింది. తర్వాతి రౌండులో నా ముందు నుంచి వెళ్తున్నప్పుడు చూశాను, మొహం మీద చెమట లేదు. ఎండకు అలవాటు పడిందనుకున్నాను. ఇన్నేళ్ళు పిల్లల్ని పరుగెత్తించినవాణ్ణి, నాకు తెలిసింది అంత. మలుపు దగ్గర ఆమె దారి వదిలి పక్కకు తూలింది. "యాడికి పోతాండావ్!" అని విజిల్ ఊదాను. సిమెంటు బల్ల మీద చేతులు ఆనించి, కాలినట్టు వెంటనే తీసేసుకుని, కింద పడిపోయింది. నాటకమనుకుని ఇంకోసారి ఊదాను. మిగతా పిల్లలు పరుగెత్తుకుంటూ పోయి కేకలు వేస్తే గానీ కుర్చీలోంచి లేవలేదు.

ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా ఉంది. ఆళ్ళగడ్డ ఆసుపత్రిలో చూసి నంద్యాలకు తీసుకుపొమ్మన్నారు. దారిలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. నంద్యాల డాక్టరు ఎన్ని గంటలకు పరుగెత్తించారని అడిగాడు. వెనకే వచ్చిన హెడ్మాస్టరు నాకంటే ముందు నోరు తెరిచాడు.

"పరుగు గాదు సార్. బడి ఇడిచినాక వాళ్ళంతకు వాళ్ళు ఆడుకుంటాన్నారు. ఈ పాప వాళ్ళు క్రైస్తవులు, ఇప్పుడు ఉపవాసాల దినాలు గదా. తినకుండా ఆడినట్టుంది."

డాక్టరు నా వైపు తిరిగాడు. "అంతేనా?"

"అంతే సార్," అన్నాను.

చీకటి పడే వేళకు తల్లి వచ్చింది, చేలో నుంచి వచ్చినది వచ్చినట్టే. మిరపకాయల ఘాటుకు పక్క మంచం మీదాయన దగ్గాడు. నర్సు ఆమెతో, ఉపవాసం పెట్టి పిల్లను ఎండలోకి పంపుతారా అని కసిరింది.

"మేం పిల్లోళ్ళతో ఉపవాసం చేయించమమ్మా. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని పోయినాది," అని నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకుంది. "సార్, నీకు తెలుసు గదా. నువ్వన్నా చెప్పు సార్."

ఆ చేతుల మంట నా చేతులకు అంటుకుంది. "ఇంట్లో సంగతులు మాకెట్ల తెలుస్తాయమ్మా," అన్నాను. మరుసటి రోజు బడి నుంచి పంపిన కాగితంలోనూ ఉపవాసమనే రాశాం. కింద నా సంతకం ఉంది.

ఆ పొద్దున నడక సంఘంలో దీని మీదే మాటలు. "ఒంట్లో బలం లేని పిల్లోళ్ళని పరుగెత్తించకూడదప్పా," అని మందలించినట్టు అన్నాడు సంఘం పెద్ద. నేను అవునన్నాను.

పిల్ల బతికింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, చాలాకాలం మందులు వాడారు. ఆ తర్వాత కాసేపు ఎండలో నిలబడినా వాంతులు చేసుకుని పడిపోయేదట. మళ్ళీ బడికి రాలేదు. టీసీ కోసం తల్లి వచ్చిన రోజు నేను స్టోరు గదిలో తలుపు వేసుకుని బంతులకు గాలి కొడుతూ కూర్చున్నాను. నంద్యాల పోటీలకు ఇంకో పిల్లను తీసుకుపోయాను. ఆ పిల్ల ఎంపికైంది, పేపర్లో నా ఫోటో పడింది.

ఇప్పుడు రిటైరయ్యాను. షుగరుకు నడవమన్నారు కాబట్టి పొద్దున్నే నేనూ సంఘం వాళ్ళతో అదే దారిలో నడుస్తున్నాను. పిల్లలెవరూ రారు. గేటుకు తాళం ఉంటుంది, మా దగ్గర తాళంచెవి ఉంటుంది.

పోయిన ఎండాకాలం నంద్యాలలో ఒక బట్టల అంగట్లోకి వెళ్ళాను. బయట తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది, లోపల ఏసీ. తువ్వాళ్ళ దగ్గర నిలబడి ఉన్నది ఆ పిల్లే. మొహం ఉబ్బినట్టుంది గానీ గుర్తుపట్టాను. ఆమె కూడా పట్టింది.

"బాగుండావా?"

"ఉండా సార్. ఏం గావల్ల?"

"ఆ పొద్దు నేను ఆస్పత్రిలో..."

"గిరాకీ టైము సార్. ఊరికే మాట్లాడితే ఓనరు అరుస్తాడు. తువ్వాళ్ళా, లుంగీలా?"

తువ్వాలన్నాను. మూడు పరిచింది. ఒకటి తీసుకున్నాను. మిగతా రెండూ మడత పెట్టి, నా వెనక నిలబడిన ఆమెతో, "నీకేం గావల్లక్కా?" అంది.

బయటికొచ్చాక నాకు కలిగింది బాధ కాదు. నన్నేమీ అడగలేదని ఊరట. బస్టాండుకు పోయి ఆళ్ళగడ్డ బస్సెక్కి, ఎండ పడని వైపు సీటు చూసుకుని కూర్చున్నాను.