చిన్నమ్మ ఫ్లాపీ

"మా ఇంట్లనే ఉండిపో చిన్నమ్మా! అమ్మకు గీ కంప్యూటర్ పనులేం రావు" అంటూ పిల్లలిద్దరూ నా తోడికోడలి మెడకు వేలాడినప్పుడే నాకు భయం పట్టుకుంది. ఎమ్‌సీఏ నేనూ చదివాను. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేశాను.

పర్ణశాల వెళ్తూ ఖానాపురం హవేలిలో మా ఇంట్లో ఆగిన ఆమె, తాను రాసిన బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఫ్లాపీలో తెచ్చింది. దానితో మా కంప్యూటర్ ప్రాసెసర్ వేగం కొలుస్తోంది. కొలిచిన ప్రతిసారీ వేరే అంకె వచ్చింది.

"గిట్లెందుకైతుంది అక్కా?" అంది, మొహం చిన్నబుచ్చుకుని.

లోలోపల సంతోషిస్తూనే కోడ్ చదివాను.

"కంప్యూటర్ లోపలి గడియారం టిక్కు సగంలో ఉండంగ లెక్క మొదలుపెడుతున్నవ్. కొత్త టిక్కు పడేదాకా ఆగు."

చెప్పినట్లే మార్చింది. అంకె నిలిచింది.

"ఇన్నాళ్లు ఏడ దాక్కున్నవ్ అక్కా!" అంది. నా అసూయ సగమే తగ్గింది.

మర్నాడు ఆమె భద్రాచలం బస్సెక్కాక పిల్లలకు చెప్పాను: "చిన్నమ్మ రాసింది, అమ్మ దిద్దింది. బళ్లో రెండూ చెప్పాలె. ముందు అమ్మ పేరు."